అట్టపెట్టెలో ఆపరేషన్

మియాపూర్‌లో మా పై ఫ్లాట్ అమ్మాయి సర్జరీ పీజీ చేస్తోంది. ఈ వారం పిలిచి తన బల్ల మీదున్నది చూపించింది. చెప్పుల అట్టపెట్టె. లోపల వెబ్‌క్యామ్, చిన్న లైటు. మూతకు రెండు రంధ్రాలు, వాటిలోంచి దిగిన పొడవాటి గ్రాస్పర్లు. ల్యాప్‌టాప్ తెర చూస్తూ శనగగింజను ఒక గ్రాస్పర్‌తో పట్టి, గాలిలోనే రెండోదానికి అందించి, గిన్నెలో వేసింది.

నాకు ఎంత సంతోషమైందో! పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, తెర చూస్తూ చేసే లాపరోస్కోపీలో రంధ్రమే ఇరుసు. చెయ్యి ఎడమకు జరిపితే కొన కుడికి పోతుంది. తెర మీద లోతు తెలియదు. ఈ తడబాటు ఎక్కడో ఒకచోట తీరాల్సిందే. అది ఉస్మానియా ఆసుపత్రికో గాంధీ ఆసుపత్రికో వచ్చిన పేదవాడి పొట్టలో తీరకూడదన్నది ఈ కాలమ్ చదివేవారికి తెలిసిన నా పాత పోరే. నూరుమందిని చంపితేగాని వైద్యుడు కాడనే సామెత వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే లాపరోస్కోప్‌తో పిత్తాశయం తీశాడు. 1990లో ముంబైలో టెహెంటన్ ఉద్వాడియా ఈ ఆపరేషన్‌ను మన దేశంలో మొదలుపెట్టారు. తొలినాళ్లలో, ఓపెన్ సర్జరీలో తలపండినవాళ్ల చేతుల్లోనూ పిత్తనాళాలు తెగాయి. 2002లో యేల్ పరిశోధకులు 16 మంది రెసిడెంట్లను పరీక్షించారు. సిమ్యులేటర్ మీద సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని విడదీసే పని 29 శాతం త్వరగా ముగించారు. చెయ్యనివాళ్లు దాన్ని గాయపరిచే, లేదా పక్క కణజాలాన్ని కాల్చే అవకాశం అయిదు రెట్లు ఎక్కువ.

అందుకే అట్టపెట్టె చాలు, ఖరీదైన యంత్రాలెందుకని రాయబోయాను. ఆ అమ్మాయే ఆపింది. గ్లౌజు ముక్క మీద కుట్టు వేసి, ముడి బిగించి చూపించింది.

"ముడి బిగిసింది కదా అంకుల్, కానీ సూది అంచుకు మరీ దగ్గరగా దిగింది. లాగితే చీరుకుపోతుంది. మా మేడమ్ పక్కన నిలబడి చెప్పేదాకా నెలంతా ఇలాగే వేశాను."

ఒంటరి సాధనలో తప్పు కూడా చేతికి అలవాటైపోతుంది. నేను పెట్టె గురించే ఆలోచించాను, మేడమ్ గురించి కాదు. 2020 నిబంధనల్లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) వైద్య కళాశాలలకు స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి చేసింది. గది కట్టొచ్చు, సాధనకు బొమ్మలు కొనొచ్చు. కానీ ఓపీ, రౌండ్లు, థియేటర్‌తో నిండిన డ్యూటీ చార్టులో సీనియర్ సర్జన్‌కు వారానికి రెండు గంటలు ల్యాబ్ అని రాసి, ఆ గంటల్లో మరెక్కడికీ పిలవకుండా ఉండాలి. తనిఖీకి వచ్చేవాళ్లు బొమ్మల్ని లెక్కపెట్టే ముందు ఆ చార్టు అడగాలి.