వసంతం వెళ్ళిపోయే తీరం

అన్ని ఊళ్ళకూ వసంతం వస్తుంది. పులికాట్ సరస్సు తీరానికి మాత్రం వసంతం వచ్చిందంటే వీడ్కోలు వచ్చినట్టే. మావిచిగురు మేసిన కోయిల గొంతు విప్పేవేళకు ఇక్కడ రెక్కలు విప్పేవాళ్ళ తొందర మొదలవుతుంది.

ఫాల్గుణం మళ్ళేసరికి, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారికి అటూ ఇటూ నీళ్ళు వెనక్కి జరుగుతాయి. ఉప్పు తేలిన బురద ఎండకు మెరుస్తుంది. మిగిలిన మోకాటిలోతు నీటిలో రాజహంసలు తలలు కిందులుగా ముంచి, నాలుకతో నీరు తోడుకుని, ముక్కులోనే వడకట్టుకుంటాయి. ఆ చిన్నచిన్న రొయ్యల్లోని, నాచులోని రంగే వాటి రెక్కల గులాబీ. ఓ రాజహంసా, నీ వన్నె నీ సొంతం కాదమ్మా, ఈ మడుగు పెట్టిన పసుపుకుంకుమ! మడుగు చిక్కితే నీ చెంగు వెలవెలబోదా?

ఆ పక్కన గట్టు వారగా పరుగులు తీసే పిడికెడు ఉల్లంకి పిట్టను చూడండి. చలికాలమంతా బూడిద కోక కట్టిన పిల్ల. ఏప్రిల్ దగ్గరపడగానే మెడ నుంచి రొమ్ము దాకా ఇటుకెరుపు పొంగుతుంది. సింగారం మన వాకిట్లో, పెళ్ళి సైబీరియా ఉత్తరపు కొసన!

నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల సంసారాలూ ముగింపుకొస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి దూర్చి, పులికాట్ నుంచి మోసుకొచ్చిన చేపను అందుకునేది ఇక్కడే. ఆ రెట్టలు కలిసిన చెరువునీరు పైరుకు బలమని రైతు మురిసిపోయేవాడు. 1976లో దీన్ని పక్షుల రక్షితకేంద్రం చేశారు. కాగితానికి ముందే ఊరు కాపు కాసిన బంధమది.

ఆ బంధమే పలచబడుతోంది. మొలగొలుకుల వరి తలలూపిన నెల్లూరు నేలలో రొయ్యల గుంటలు నోళ్ళు తెరిచాయి. పక్షులు దిగకుండా వాటి మీద తాళ్ళు, వాటి చుట్టూ టపాకాయలు. కొంగ దిగితే దొంగ! రాయదొరువు దగ్గర సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే కడలి పోటు లోపలికి రాదు. చేప తగ్గుతుంది, జాలరి వలా, పక్షి ముక్కూ ఒక్కలాగే వట్టిపోతాయి.

కోత అయిన పొలంలోనూ ఇదే కథ. తీతువు మట్టిబెడ్డల రంగు గుడ్లు నాలుగు నేలమీదే పెడుతుంది. గూడు లేదు, గడ్డిపోచ చాటు లేదు. ట్రాక్టరు రొద దగ్గరపడితే రెక్క విరిగినట్టు నటిస్తూ పక్కకు పరిగెత్తుతుంది, ఆకాశం చీలేలా అరుస్తుంది. తీతువు కూసిందంటే ఇంట్లో ఎవరికో కీడని మనం జడుస్తాం. అయ్యో, తన బిడ్డల చావుకు అది ముందుగా ఏడుస్తోందని మనకు తోచదే!

పోవడం పక్షి ధర్మం. దాన్ని ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు. కార్తీకపు చలితో తిరిగొచ్చే వాటికి తడి ఉన్న మడి, పోటు పారే మడుగు, చెట్లు మిగిలిన చెరువు ఉంచడం మన ధర్మం. ముఖద్వారపు ఇసుక తీయించడం, గుడ్లున్న జానెడు చోటు వదిలి నాగలి తిప్పడం మన చేతిలో పనులే. అందుకే వెళ్ళిపోయేవాటి కోసం కాదు నా శోకం. తిరిగొచ్చిన అతిథికి కాలు మోపే నేల చూపలేని గృహస్థులం అవుతున్నామే, ఆ సిగ్గు కోసం.