దాతకు చోటు లేని ప్రేమ: నీగ్రెన్ అగాపే సిద్ధాంతముపై ఒక విమర్శ

ఇచ్చువాడు తన మేలును కూడ కోరుకొనవచ్చునా? కోరుకొనినయెడల ఆ ఈవి ప్రేమ కాకుండ పోవునా? 20వ శతాబ్దపు వేదాంతములో ఈ ప్రశ్నకు మిక్కిలి కఠినమైన జవాబు చెప్పినవారిలో స్వీడన్ దేశపు లూథరన్ పండితుడైన ఆండర్స్ నీగ్రెన్ ముఖ్యుడు. అగాపే, ఎరోస్ అను రెండు ప్రేమలను గూర్చిన ఆయన గ్రంథము 1930, 1936 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడినది.

నీగ్రెన్ ప్రకారము ఎరోస్ మానవుని కోరికలోనుండి పుట్టి దేవునివైపు ఎక్కిపోవు ప్రేమ. తనకు లేనిదానిని పొందుటయే దాని ధ్యేయము. అగాపే దేవునియొద్దనుండి దిగివచ్చు ప్రేమ. అది యోగ్యతను చూడదు, అయోగ్యునికి విలువను కలిగించును. అగస్టీను ఈ రెంటిని కలిపెననియు, లూథరు ఆ కలయికను విడగొట్టెననియు ఆయన వాదించెను. కావున క్రైస్తవ జీవితములో స్వప్రేమకు చోటు లేదు. విశ్వాసి దైవప్రేమ ప్రవహించు గొట్టము వంటివాడు.

ఈ వాదములోని బలమును మేము తక్కువ చేయము. కానుకను పెట్టుబడిగాను, ఆశీర్వాదమును వడ్డీగాను చూపు నేటి సమృద్ధి బోధకు ఇది గట్టి మందలింపు. లూకా 6:38 ను ఆ విధముగా చదువువారు, మూడు వచనముల ముందే ప్రభువు తిరిగి ఆశింపక అప్పియ్యవలెనని ఆజ్ఞాపించిన సంగతిని మరచుచున్నారు.

అయినను మాకు మూడు అభ్యంతరములున్నవి. మొదటిది భాషకు సంబంధించినది. గ్రీకు పాత నిబంధన 2 సమూయేలు 13:15 లో తామారుపట్ల అమ్నోనుకుండిన మోహమునకు సహితము అగాపే అను పదమునే వాడినది. అయితే నీగ్రెన్ వాదము పదముకంటె మూలభావముపై ఆధారపడినది గనుక ఈ అభ్యంతరమొక్కటే చాలదు.

రెండవది, మత్తయి 6:1-4 లో యేసు ఖండించినది మనుష్యుల మెప్పును. తండ్రి ఇచ్చు ప్రతిఫలమును ఆయన త్రోసివేయలేదు. 2 కొరింథీ 8:13-14 లో పౌలు కూడ దాతలు ఇబ్బందిపడవలెనని కోరక, ఒకరి కొరత మరియొకరి సమృద్ధిచేత తీరు సమానత్వమునే గురిగా చూపెను.

మూడవది ముఖ్యమైనది. గొట్టము నిశ్చయించుకొనదు, సంతోషించదు. 2 కొరింథీ 9:7 ఈ రెంటిని దాతనుండి కోరుచున్నది. మాసిదోనియవారు మొదట తమ్మును తామే అప్పగించుకొనిరి (8:5). తనదంటూ ఏమియు లేనివాడు తన్ను తాను ఎట్లు అప్పగించుకొనును?

మన గ్రామ సంఘములలో అన్నము వండకముందు గుప్పెడు బియ్యము దేవునికని తీసిపెట్టు తల్లులున్నారు. అట్టి తల్లి ఆ వేళ తన బిడ్డ ఆరోగ్యము కొరకును ప్రార్థించును. నీగ్రెన్ కొలతలో ఆమె కానుక ఎరోస్‌తో కలుషితము. సమృద్ధి బోధకుని లెక్కలో అది ఒక వాయిదా సొమ్ము. ఇద్దరును ఆమెను సరిగా చూడలేదు. ఆమె బేరమాడుటలేదు. పుచ్చుకొనుటకే గాక ఇచ్చుటకును తాను పాత్రురాలననియు, తన యింటి అక్కర దేవునికి పరాయిది కాదనియు ఆమె నమ్ముచున్నది. ఆమె బ్రదుకునకు అర్థము అక్కడ దొరుకుచున్నది.

కాబట్టి ఇతరుల నష్టముచేత లాభపడగోరు స్వార్థము వేరు, ఇతరులతో కూడ తానును బ్రదుకగోరు స్వక్షేమము వేరు. నీగ్రెన్ మొదటిదానిని గెంటివేయబోయి రెండవదానిని కూడ గెంటివేసెను. కానుకలను గూర్చి ప్రసంగించు కాపరులు లూకా 6:38 తో పాటు 6:35 ను, 2 కొరింథీ 8:14 ను కలిపి బోధింపవలెనని మా మనవి.