అక్షౌహిణికి అన్నం వండిందెవరు?

వెండితెర మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడగానే సినిమా హాలంతా సద్దుమణుగుతుంది. ‘బాహుబలి’ (2015)లో కాలకేయుల దండు నేల కనబడకుండా కమ్ముకురావడం మీలో చాలామంది చూసే ఉంటారు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో చిత్రం (2003)లో వేలాది రౌతులు శత్రువుల మీద విరుచుకుపడే దృశ్యం కూడా అలాంటిదే. ఆ చిత్రం కోసం ‘మాసివ్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వాడారు. అందులో ప్రతి బొమ్మ సైనికుడూ చుట్టూ చూసి, కత్తి ఎత్తాలో పక్కకు తప్పుకోవాలో తనే నిర్ణయించుకుంటాడు. ఇంత తెలివి ఉన్నా ఆ సైనికుడికి ఆకలి మాత్రం వేయదు.

కల్పనను కల్పనగా ఆనందించడంలో తప్పేమీ లేదు. అయితే ఈ యుద్ధాలు మన మనసులో చరిత్రగా స్థిరపడిపోతున్నాయి. కాబట్టి ఒకసారి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుందాం.

లెక్కకు నిలుస్తుందా?

మనందరికీ తెలిసిన అక్షౌహిణినే తీసుకోండి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బలం కలిస్తే ‘పత్తి’. దాన్ని వరసగా ఏడుసార్లు మూడింతలు చేసి, చివర పదింతలు చేస్తే అక్షౌహిణి. అంటే 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. కురుక్షేత్రంలో కౌరవులవి 11, పాండవులవి 7, మొత్తం 18 అక్షౌహిణులు. గమనించారా? ఈ సంఖ్య గుణకారంతో వచ్చింది. ఎవరో తలలు లెక్కపెడితే వచ్చింది కాదు.

ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. ఒక్క అక్షౌహిణిలోని ఏనుగులకే రోజుకు 3,280 టన్నులు కావాలి. బండికి 500 కిలోల చొప్పున వేసుకుంటే 6,500కు పైగా ఎడ్ల బళ్లు. ఇది ఒక్క రోజు మేత. 2025లో వెలువడిన డీఎన్ఏ ఆధారిత గణన ప్రకారం దేశంలోని అడవి ఏనుగులన్నీ కలిపి దాదాపు 22,446. అంటే నేడు మన అడవుల్లో ఉన్న ఏనుగులన్నిటినీ పట్టి తెచ్చినా ఒక్క అక్షౌహిణికి సరిపోతాయి, అంతే!

దారి సంగతి చూడండి. గుర్రాలతో సహా ఒక్కో రథానికి 8 మీటర్ల చోటు అనుకుందాం. రెండేసి రథాలు పక్కపక్కన నడిచినా వరస పొడవు 87 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో సగానికి మించి! ఎడ్ల బళ్లను వెంటబెట్టుకున్న సైన్యం రోజుకు 15, 20 కిలోమీటర్లు నడవడమే గొప్ప. ముందున్న రథం నాలుగు మజిలీలు దాటినా చివరి రథం ఇంకా బయలుదేరిన చోటే ఉంటుంది.

చరిత్ర చెప్పే అంకెలు

క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండరును ఎదిరించిన పురుషోత్తముడి సైన్యంలో 30,000 మంది కాల్బలం, 4,000 మంది రౌతులు, 300 రథాలు, 200 ఏనుగులు ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. 200 ఏనుగులకు రోజుకు 30 టన్నుల మేత అంటే 60 బళ్లు. ఇది నమ్మదగిన లెక్క. చివరకు గాయపడి, ఇరుకున పడిన ఆ ఏనుగులే సొంత సైనికులనూ తొక్కేశాయని కూడా ఆయన చెప్పాడు. సినిమా ఏనుగు మాత్రం ఎప్పుడూ శత్రువునే తొక్కుతుంది.

అలాగని పాత చరిత్రకారుల అంకెలన్నిటినీ కళ్లు మూసుకుని నమ్మవద్దు. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి వచ్చిన పారశీక చక్రవర్తి జెర్క్సిస్ వెంట సేవకులతో కలిపి 52 లక్షలకు పైగా జనం ఉన్నారని హెరోడోటస్ రాశాడు. నేటి చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 మంది రౌతులు, 1,000 ఏనుగులు ఉన్నాయని ప్లినీ రాసింది చదివితే మనకు గర్వంగానే ఉంటుంది. కానీ ప్లినీ ఎన్నడూ భారతదేశానికి రాలేదు. హెరోడోటస్‌కు వాడిన కొలబద్దనే ఇక్కడా వాడాలి. మనకు నచ్చిన అంకెకు వేరే కొలబద్ద ఉండదు.

నాలుగు కాదు, ఆరు

రథ, గజ, తురగ, పదాతులు – ఇవి నాలుగు అంగాలు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు రాయబారిగా వచ్చిన మెగస్తనీస్ చెప్పిన సైనిక శాఖలు మాత్రం ఆరు. ఆ నాలుగూ కాక నౌకలకు ఒకటి, ఎడ్ల బళ్లకు మరొకటి. తిండి, మేత, ఆయుధాలు మోసేది ఆ చివరి శాఖే. నేటి వెండితెర సైన్యాల్లో లేనిది సరిగ్గా అదే.

ఈ విషయంలో మహాభారత కవి మన సినిమా దర్శకుల కన్నా ఎంతో నయం. ఉద్యోగపర్వంలో ధర్మరాజు శిబిరంలో వైద్యులున్నారు, జీతం తీసుకునే పనివాళ్లున్నారు, నెయ్యి, తేనె, గడ్డి కుప్పలున్నాయి. యుద్ధం ముగిశాక స్త్రీపర్వంలో కొడుకుల కోసం, భర్తల కోసం ఏడ్చే స్త్రీలున్నారు. అంకెలు పెంచినా, ఆకలినీ దుఃఖాన్నీ ఆయన దాచలేదు. సినిమా పట్టాభిషేకంతో ఆగిపోతుంది.

ఆ ఎడ్లు, ఆ ధాన్యం ఎవరివి? దండు నడిచిన దారిలోని రైతులవి. దండు వెళ్లిపోయాక విత్తనాలకు గింజ మిగలని ఊరు కూడా యుద్ధంలో ఓడిపోయినట్లే. ఈ సంగతి ఒక రాజే రాతిమీద చెక్కించాడు. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించారనీ, అంతకు ఎన్నో రెట్లు జనం ఇతరత్రా మరణించారనీ అశోకుడి 13వ శిలాశాసనం చెబుతుంది. కత్తి పట్టని గృహస్థుల బాధ కూడా అందులో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనాల్లో ఇదీ ఒకటి. ఆ లక్షలు కూడా గుండు సంఖ్యలే కావచ్చు. కానీ గెలిచిన రాజు తన గొప్పకు కాక, పశ్చాత్తాపంతో వేసిన లెక్క అది.

ఈసారి తెర మీద లక్షమంది సైన్యం కనిపిస్తే హాయిగా చూడండి. ఇంటికి వచ్చాక మనిషికి రోజుకు కిలో గింజలు, బండికి 500 కిలోల చొప్పున లెక్క వేయండి. రోజుకు 200 బళ్లు. అవి ఏ ఊరినుంచి వచ్చి ఉంటాయో ఆలోచించండి.