సమస్యా శబ్ద విచారము

నేఁడు పత్రికలలో నీటి కొఱఁతయు సమస్యయే, తలనొప్పియు సమస్యయే. ఈ వాడుక యెంతవఱకు యుక్తమో విచారింతము.

సమస్యా శబ్దము 'సమ్' ఉపసర్గముతోఁ గూడిన క్షేపణార్థక 'అస్' ధాతువునుండి కలిగినది. సమాస శబ్దమునకును నిదియే ధాతువు. కావునఁ గూర్చుట దీని ముఖ్యార్థము. అమరసింహుఁడును శబ్దాదివర్గమున దీనిని సమాసార్థముతోనే ముడివెట్టెను. వాత్స్యాయనుఁడు చతుష్షష్టి కళలలోఁ బ్రహేళికను, కావ్యసమస్యాపూరణమును వేఱువేఱుగాఁ బరిగణించెను. ఈ భేదము గమనింపఁదగినది. ప్రహేళికయం దర్థము దాఁగియుండును. దానిని వెలికిఁ దీయుటయే పని. సమస్యయందు దాఁగినది లేదు. లేని భాగమును మనమే కూర్పవలయును. అసంగతముగాఁ దోఁచు పాదమును అవధాని తక్కిన పాదములతో సంగతము చేయుట యిట్టిదే.

ఈ శబ్దమును పద్యవిషయముననే వాడవలెనని కొందఱందురు. అది సరికాదు. కుశల, ప్రవీణ శబ్దములు దర్భలను, వీణను విడిచి నేర్పరియం దంతట రూఢములైనవి. గణితమునందలి లెక్కను సమస్య యనుటయు నట్లే యుక్తము. ఇచ్చినదానికి ఈయనిదానిని కూర్పవలసియున్నది గదా! కాని తలనొప్పి బాధయే. నీరు లేకుండుట కొఱఁతయే. ఉన్న నీటిని ఊరందఱకు నెట్లు పంచవలయు ననునది సమస్య.

పూరణ శబ్ద మన్వయించుచోట సమస్య యనవలయును. అన్వయింపనిచోట కష్టము, ఇబ్బంది, బాధ యను మాటలు మనకుఁ గలవు. ఉపాధ్యాయులు విద్యార్థుల వ్యాసములు దిద్దునపు డీ వివేకము నేర్పకున్న, పూరింపవలసిన భారము తమదే యను నర్థము ఈ శబ్దమునుండి జాఱిపోవును.