ఓపిక ఒక్కటే చాలదు

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక జాబితా. ఐస్ హాకీలో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కోరి కోరి తెచ్చుకుంటే, తీరా 'తేలిపోయిన' కుర్రాళ్లంటూ ఎవరో పేర్చిన వరస. మాంట్రియల్ దగ్గరుండే మా అక్క కొడుకు పంపాడు. అందులో సగం మందికి పాతికేళ్లు కూడా లేవు. ఒక్కో పేరు ఎదురుగా మార్కులు: పదికి నాలుగు, పదికి మూడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ర్యాంకుల మీద నా కోపం కొత్త కాదు. ఫలితాల రోజున ఒకటి, ఒకటి, ఒకటి అని గొంతు చించుకునే కాలేజీ ప్రకటనల గురించి ఎన్నో సార్లు రాశాను. ర్యాంకు ఆ రోజు సంగతి చెబుతుంది, ఆ పిల్ల సంగతి చెప్పదు. నాకున్న రెండో పట్టింపు కూడా మీకు తెలుసు: లేత వయసులో తొందరపెట్టి పై మెట్టు ఎక్కించకూడదు. కార్బైడ్ పెట్టిన బంగినపల్లికి రంగు వస్తుంది కానీ రుచి రాదు. చెట్టు మీదో గడ్డిలోనో దాని టైములో దాన్ని మాగనివ్వాలి. ఈ జాబితా చూడగానే నాకు మొదట తట్టింది ఆ మాటే.

ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ఏటా డ్రాఫ్ట్ పెట్టి, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఉన్న కుర్రాళ్లను వరసగా ఎంచుకుంటాయి. అడుగున ఉన్న జట్లకు ముందు అవకాశం దక్కేలా లాటరీ ఉంటుంది. అంటే అందరికంటే ముందు ఎంపికైన కుర్రాడు మామూలుగా ఓడిపోతున్న జట్టులోకే వెళ్తాడు. గెలవడం మరిచిపోయిన చోట, అందరి ఆశలూ మోస్తూ, గడ్డం కూడా సరిగ్గా రాని వయసులో ఆడాలి.

యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ సంగతే చూడండి. స్లొవాకియాలోని కొషిత్సెలో పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌కు వచ్చేనాటికి 17 ఏళ్లు. 7 మ్యాచుల్లో 7 గోల్స్ కొట్టి టోర్నీలో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ దేశానికి ఐస్ హాకీలో మొదటి ఒలింపిక్ పతకం, కాంస్యం, అప్పుడే వచ్చింది. అదే చలికాలం ఫిన్లాండ్ లీగ్‌లో టీపీఎస్ జట్టు తరఫున 31 మ్యాచులాడి తెచ్చుకున్నది 10 పాయింట్లు. గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా పాయింటే లెక్క. బీజింగ్‌కు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు రాలేదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. వీటిలో ఏ అంకెను నమ్మాలి? మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు కుర్రాణ్ని నమ్మింది.

2022 జూలై 7న డ్రాఫ్ట్ జరిగింది వాళ్ల సొంత బెల్ సెంటర్‌లోనే. మొదటి పేరు కెనడా కుర్రాడు షేన్ రైట్‌దే అవుతుందని అభిమానుల్లో చాలామంది ఆశపడ్డారు. స్లాఫ్‌కోవ్‌స్కీ పేరు పిలిచారు. రైట్ నాలుగో స్థానం దాకా కూర్చుని సియాటిల్ క్రాకెన్‌కు వెళ్లాడు. ఇక మొదటి సీజన్‌లో స్లాఫ్‌కోవ్‌స్కీ 39 మ్యాచుల్లో 10 పాయింట్లు చేశాడు. జనవరిలో మోకాలు దెబ్బతిని సీజన్ అక్కడితో ఆగిపోయింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మంచి బరువున్న మనిషి, రింకు చుట్టూ ఉండే గోడవారన పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందుకుంటూ తల వంచి కాళ్ల దగ్గరే చూస్తుంటే వచ్చినవాడల్లా గుద్దేసి పోయేవాడు.

ఆ గోడ సంగతి నాకు అర్థమైంది మా అక్కావాళ్ల ఊళ్లో. వాళ్లుండేది బ్రొసార్డ్‌లో. సెయింట్ లారెన్స్ నది దాటితే మాంట్రియల్. కెనేడియన్స్ ప్రాక్టీసు కేంద్రం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఒక చలికాలం వాళ్లింట్లో ఉన్నప్పుడు, తెల్లవారకముందే పిల్లాణ్ని దింపడానికి అక్కతో పాటు దగ్గర్లోని చిన్న రింకుకు వెళ్లాను. రబ్బరు చాపల వాసన, చెక్క బెంచీల మీద కాఫీ కప్పులు పట్టుకున్న అమ్మానాన్నలు. షాలు కప్పుకున్నా వణుకు ఆగలేదు.

ఆ రోజు గోల్ కొట్టడం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కోచ్ పిల్లల్ని ఒక్కొక్కరినే గోడవైపు తిప్పి నిలబెట్టాడు. మూల నుంచి గోడవెంట పక్‌ను జారవిడుస్తాడు. పిల్లాడి వీపు మైదానం వైపు ఉంటుంది. ఆ వీపు వెనక ఇంకో కోచ్ చెయ్యెత్తి కొన్ని వేళ్లు చూపిస్తాడు. పక్ స్టిక్‌కు తగిలేలోపు తల తిప్పి చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా అరవాలి. అరిచాకే పక్ ముట్టుకోవాలి. తల తిప్పితే పక్ చేజారుతుంది, పక్‌నే చూస్తుంటే వేళ్లు తెలియవు. మా వాడు వరసగా తప్పాడు. కోచ్ కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. మళ్లీ మూలకెళ్లి పక్ వదిలాడు. ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి. పిల్లాడి మోకాలు ఇంకొంచెం వంచించాడు, తుంటి గోడకు ఆనించమన్నాడు, అలా చేస్తే వెనక నుంచి తోసినా నిలబడతాడని చూపించడానికి తనే వచ్చి మెల్లగా తోశాడు. గంటంతా అదే పని.

కారులో ఇంటికొస్తూ అడిగాను, ఎందుకురా అన్నిసార్లు అదే చేయించారని.

"పిన్నీ, పక్ వచ్చేముందే చూడాలి. వచ్చాక చూస్తే లేటు" అన్నాడు.

ఆ తర్వాత నేను ఈ ఆటను చూసే పద్ధతే మారిపోయింది. రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85. ఒక్కో ఆటగాడు మంచు మీద ఉండేది ఒక విడతకు ముప్పావు నిమిషం అటూ ఇటూ. అందులో వింగర్ తన గోల్ వైపు గోడ దగ్గర పక్ అందుకునే క్షణాన, అవతలి డిఫెన్స్‌మన్ అప్పటికే అతని మీదికి దూసుకొస్తుంటాడు. ఆ క్షణంలో తల తిప్పి చూసి ఉంటే అది పాస్ అవుతుంది, లేకపోతే దెబ్బవుతుంది. చిన్న లీగుల్లో పొడుగూ బలమూ ఉన్న కుర్రాడు ఈ పాఠం లేకుండా నెట్టుకొచ్చేస్తాడు. ఎవడు మీద పడ్డా వాడే కిందపడతాడు కాబట్టి చూడాల్సిన అవసరమే పడదు. పెద్ద లీగులోకి వచ్చాక పదేళ్లుగా అవసరం పడని ఆ అలవాటు ఒక్కసారిగా కావాలి. ఎదుగుదల ఎగుడుదిగుడుగా కనిపించడానికి అసలు కారణాల్లో ఇదొకటి. ఒంట్లో కొన్ని నైపుణ్యాలు ఇరవై ఐదేళ్ల వయసువి, కొన్ని పన్నెండేళ్లవి.

2023 శరదృతువులో స్లాఫ్‌కోవ్‌స్కీకి రెండో సీజన్ మొదలైంది. గోల్స్ రాలేదు. అతణ్ని కింది లీగుకు, లావాల్ రాకెట్ జట్టుకు పంపమని చాలామంది గట్టిగా అన్నారు. అక్కడ పక్ ఎక్కువసేపు దొరుకుతుంది, తప్పు చేసినా అంత నష్టం ఉండదు, ధైర్యం వస్తుంది. నా రెండో పట్టింపు ప్రకారం చూస్తే ఇది నూటికి నూరుపాళ్లు సరైన మాట. మాగనివ్వండి.

మాంట్రియల్ పంపలేదు. పైగా జట్టులో అందరికంటే మంచి ఇద్దరి పక్కన, నిక్ సుజుకీ, కోల్ కాఫీల్డ్‌లతో కలిపి ఆడించింది. సీజన్ ముగిసేసరికి 82 మ్యాచుల్లో 20 గోల్స్, 50 పాయింట్లు. ఏప్రిల్ 9న ఫిలడెల్ఫియా మీద మొదటి హ్యాట్రిక్. ఆ జూలై 1న జట్టు అతనితో 8 ఏళ్లకు 6 కోట్ల 8 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు.

అక్కడ కోచ్ ఎవరో కూడా చెప్పాలి. మార్టిన్ సెయింట్ లూయీ. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఏ డ్రాఫ్ట్‌లోనూ ఏ జట్టూ ఎంచుకోలేదు. కాల్గరీ జట్టు 2000లో వద్దనుకుని వదిలేసింది. నాలుగేళ్ల తర్వాత టాంపా బే తరఫున లీగ్‌లో అత్యధిక పాయింట్లు, అత్యంత విలువైన ఆటగాడి ట్రోఫీ, స్టాన్లీ కప్ మూడూ ఒకే సీజన్‌లో అందుకున్నాడు. రిటైరయ్యాక కొడుకు ఆడే పిల్లల జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ పిలిచింది అక్కణ్నుంచే. చిన్నపిల్లలకు నేర్పిన చేతులు అవి. ఇరవై ఏళ్ల కుర్రాడికి పన్నెండేళ్ల పాఠం చెప్పాల్సి వస్తే నామోషీ పడని మనిషి దగ్గర చేరడం స్లాఫ్‌కోవ్‌స్కీ అదృష్టమని నా నమ్మకం.

అలాగని పైనే ఉంచితే చాలని తేల్చేద్దామంటే షేన్ రైట్ అడ్డం వస్తాడు. మొదటి ఏడాది అతను సియాటిల్‌లో 8 మ్యాచులే ఆడాడు. మొదటి గోల్ మాంట్రియల్ మీదే కొట్టాడు. మధ్యలో సియాటిల్‌కు చెందిన కింది లీగు జట్టు కోచెల్లా వ్యాలీ, కెనడా జూనియర్ జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ టోర్నీలో బంగారు పతకం, ఆపైన మళ్లీ జూనియర్ లీగు. ఆ మరుసటి సీజన్ దాదాపు అంతా కింది లీగులోనే, 59 మ్యాచుల్లో 22 గోల్స్. 2024-25లో పూర్తిగా పైకి వచ్చి 44 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది స్లాఫ్‌కోవ్‌స్కీవి 51. ఒకడు పైన పెరిగాడు, ఒకడు కింద పెరిగాడు, ఇద్దరూ దాదాపు ఒకే చోటికి చేరారు.

మరి నయీల్ యాకుపోవ్ ఎందుకు చేరలేదు? 2012లో ఎడ్మంటన్ మొదటి స్థానంలో తీసుకుంది. తొలి సీజన్‌లోనే 48 మ్యాచుల్లో 17 గోల్స్. ఆరంభం స్లాఫ్‌కోవ్‌స్కీ కంటే ఎంతో బాగుంది. అతణ్ని కూడా పైనే ఉంచారు, నాలుగేళ్లు ఓపిక పట్టారు. ఆ నాలుగేళ్లలో హెడ్ కోచ్‌లే క్రూగర్, ఈకిన్స్, నెల్సన్, మెక్‌లెలన్ అని నలుగురు మారారు. ప్రతి కొత్త కోచ్‌తో కుర్రాడికి మళ్లీ మొదటి పాఠమే. 350 మ్యాచుల తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ వదిలి రష్యా వెళ్లిపోయాడు.

మాగడం అనే పోలిక నాకెంత ఇష్టమైనా, దాన్ని ఇక్కడ వదిలేయక తప్పడం లేదు. కాయకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు, గడ్డిలో పడేస్తే చాలు. ఆటగాడు అలా పండడు. లావాల్‌లో ఉంచినా మాంట్రియల్‌లో ఉంచినా, అతని భుజం మీదుగా వేళ్లు చూపించే మనిషి ఒకరు రోజూ ఉండాలి, రేపు కూడా ఆ మనిషే ఉండాలి.

అప్పుడు కూడా గీత నిటారుగా పైకి పోదు. నాకు వచ్చిన జాబితాలో ఉన్న అలెక్సీ లాఫ్రెనియేర్ 2020లో న్యూయార్క్ రేంజర్స్‌కు మొదటి ఎంపిక. వరసగా 21, 31, 39, 57 పాయింట్లు చేశాడు, తర్వాత 45కు దిగాడు. దిగిన ఆ ఒక్క మెట్టు చూసి పేరు పక్కన మార్కు వేసేశారు. 1997లో మొదటి ఎంపికైన జో థార్న్‌టన్ తొలి సీజన్‌లో 55 మ్యాచులాడి 7 పాయింట్లు చేశాడు. ఇప్పుడు అతను 1,539 పాయింట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు.

కాబట్టి మార్కులు వేయాల్సిందే అయితే కుర్రాళ్లకు కాదు, వాళ్లను పెంచుతున్న జట్లకు వేయాలి. ఇక నుంచి ఏ జట్టయినా, ఏ కోచింగ్ సెంటరైనా, ఏ తల్లిదండ్రులైనా 'మేం ఓపిక పట్టాం' అంటే నేను అడిగేది ఒక్కటే: ఆ ఓపిక పట్టిన రోజుల్లో వాడికి ఎవరు, ఏం నేర్పారు?