లినక్సు ఇంటికి తగిన పాటలపెట్టె

జేబులో ఇమిడెడి సంగీతయంత్రమును కొనబోవునప్పుడు చాలమంది మొదట అడుగునది అందులో ఎన్ని పాటలు పట్టునని; తరువాత అడుగునది ధర ఎంతయని. ఇంటి కంప్యూటరులో లినక్సు వాడుచున్న నావంటివాడు మాత్రము ఈ రెండింటికిని ముందుగా వేరొక ప్రశ్న వేయవలసియుండును: తీగె తగిలించినంతనే ఈ యంత్రము తనలోనున్న దానినంతయు మామూలు డిస్కువలె నా ముందు పరచునా, లేక తయారీదారు వ్రాసిన ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు ద్వారముననే నన్ను లోనికి రానిచ్చునా? దీనికి వచ్చు సమాధానమును బట్టియే తక్కిన గుణదోషములను విచారించుట నాకు అలవాటు. ఏలయన, డబ్బుపెట్టి కొన్న సంగీతమును నా చేతితో నేను అమర్చుకొనలేని యంత్రము ఎంత చక్కగా పాడినను దానిని నాదనుకొనుటకు మనసొప్పదు.

ఐపాడ్ చరిత్రయే ఇందుకు నిదర్శనము. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ ప్రకటించిన ఆ యంత్రము అందమునందును, వాడుకలోని సౌలభ్యమునందును మేటియే. తీగె తగిలించినచో డిస్కుగా కనబడుటయు నిజమే. కాని దానిలోనికి పాటను ఊరక నకలు చేసినంతమాత్రమున అది పాడదు, ఆ పాట పేరు ఆపిల్ వారి ఐట్యూన్స్ ప్రోగ్రాము వ్రాయు పట్టికలోనికి ఎక్కవలెను. లినక్సు ప్రోగ్రామర్లు ఆ పట్టిక కట్టుబడిని ఓపికతో శోధించి లిబ్‌జీపాడ్ అను లైబ్రరీని, జీటీకేపాడ్ అను ప్రోగ్రామును సిద్ధపరచిరి. 2007లో వచ్చిన కొత్త ఐపాడ్‌లలో ఆ పట్టికకు ఒక గణితముద్ర చేర్చబడగా, ఇతర ప్రోగ్రాములు వ్రాసిన పట్టికను యంత్రము గుర్తింపక పోయినది. ఆ ముద్ర రహస్యమును సైతము కొద్దికాలముననే ఛేదించిరి. వారి ప్రజ్ఞకు నమస్కరించుచునే, ప్రతి కొత్త నమూనాకును అట్టి ప్రజ్ఞావంతులకై ఎదురుచూడవలసిన వస్తువును నేను ఎన్నుకొనను.

ఫైళ్లను యంత్రమునకు పంపుటకున్న ఎంటీపీ అను మరియొక పద్ధతి ఇంత కఠినమైనది కాదు. లిబ్‌ఎంటీపీ తోడ్పాటున లినక్సులో పనిచేయును. అయినను ఫైలును ఉన్నచోటనే దిద్దుటకు వీలులేక, ఫైలులోపల ఒక్క అక్షరము సవరించుటకును ఫైలునంతయు మరల పంపవలసివచ్చును. నాకు ప్రియమైనది యంత్రమును మామూలు డిస్కువలె తెరచు మాస్ స్టోరేజి పద్ధతి. శాండిస్క్ వారి శాన్సా క్లిప్ ప్లస్ ఇందుకు ఉదాహరణ; అది అగ్గిపెట్టెయంత వస్తువు. దాని సెట్టింగులలో యూఎస్‌బీ మోడు అనుచోట ఎంఎస్‌సీని (అనగా మాస్ స్టోరేజిని) ఎన్నుకొని తగిలించినచో, ఫైల్ మేనేజరులో పెన్‌డ్రైవుగా నిలుచును. ఫోల్డరులకు ఫోల్డరులే లాగి వేయవచ్చును. లేదా ఆర్‌సింక్ ఆజ్ఞ ఒకటి వ్రాసి, మారిన వానిని మాత్రమే పంపవచ్చును. పని ముగిసిన పిదప అన్‌మౌంట్ చేయక తీగె పెరుకరాదు. నకలు పూర్తియైనట్లు తెరపై కనబడినను, కొంత భాగమింకను కంప్యూటరు మెమరీలోనే నిలిచియుండవచ్చును.

ఫార్మాటుల విషయమున నా పట్టుదల కర్ణాటక సంగీతమువలన కలిగినది. సీడీలపై రాగాలాపనను ఒక ట్రాకుగను, కృతిని వేరొక ట్రాకుగను, తని ఆవర్తనమును మరియొకటిగను విడదీయుట కలదు. వినువానికి మాత్రము అదంతయు అఖండమే. ఎంపీ3 చేయునప్పుడు ధ్వనిని 1152 నమూనాల చట్రములుగా కోయుదురు గాన, ట్రాకు ఆద్యంతములయందు కొంత నిశ్శబ్దము చేరును. దానిని లెక్కించి తొలగింపని యంత్రములో, ఆలాపన ముగిసి గాయకుడు కృతి ఎత్తుకొనబోవు సమయమున తంబుర శ్రుతి తటాలున తెగి మరల అందుకొనును. తెగుట క్షణములో స్వల్పాంశమే. కాని ఆ శ్రుతిలో మునిగియున్న చెవికి అది ముల్లై గుచ్చుకొనును. ఓగ్ వోర్బిస్, ఫ్లాక్ అను ఫార్మాటులు రెండును నమూనాల సంఖ్యను ఉన్నదున్నట్లు నమోదు చేయును. రెండును ఎవరి అనుమతియు అక్కరలేక వాడుకొనదగినవి. ఫ్లాక్‌నందు సీడీ ధ్వని ఒక్క బిట్టును కోల్పోక, తరచుగా సగము చోటునకు కొంచెము అటుఇటుగా ఇముడును. ఎంపీ3 పేటెంట్ల గడువులు 2017 నాటికి తీరినవి గాన దానిని నిషిద్ధవస్తువుగా చూడనక్కరలేదు. త్యాగరాజకృతుల కచేరీకి మాత్రము నేను ఫ్లాక్‌నే కోరుదును.

యంత్రముతో వచ్చిన ఫర్మ్‌వేరు తృప్తినీయనిచో రాక్‌బాక్స్ కలదు. 2001లో ఆర్కోస్ సంస్థవారి సంగీతయంత్రములకై స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ స్టెన్‌బెర్గ్ మొదలగువారు ప్రారంభించిన ఈ స్వేచ్ఛా ఫర్మ్‌వేరు క్లిప్ ప్లస్‌పైనను నడచును; ట్రాకుల నడుమ ఎడము లేకుండ వినిపించును; పాత ఫర్మ్‌వేరును చెరుపక పక్కననే ఉంచును.

మెమరీ కార్డు పెట్టు చోటున్న యంత్రమునే తీసికొనవలెను. 32 జీబీకి మించిన కార్డులు సాధారణముగా ఎక్స్‌ఫ్యాట్‌తో వచ్చును. లినక్సు కెర్నెలులో దానికి డ్రైవరు 2019లో 5.4 విడుదలతో చేరినది. పాత యంత్రములకు, రాక్‌బాక్స్‌కు కార్డును ఫ్యాట్32గా మార్చుకొనుట మేలు. క్లిప్ ప్లస్ తయారీ ఆగి చాలకాలమైనది గాన, వాడినదానిని కొనువారు బ్యాటరీ ఎంతసేపు నిలుచునో పరీక్షింపవలెను. కొత్తది కొనువారు లాప్‌టాపును, తీగెను వెంట తీసికొనిపోయి, దుకాణములోనే తగిలించి చూచెదనని అడుగుటకు మొగమాటపడరాదు. పెట్టెమీద అచ్చువేసిన ఆపరేటింగ్ సిస్టముల జాబితాలో లినక్సు పేరు లేకున్నను, మాస్ స్టోరేజిగా తెరచుకొన్న యంత్రమును నిశ్చింతగా కొనవచ్చును.