దురా గోడల మీది చూపులు

నైలు నీళ్ళలో ఫరో కూతురు నిలబడి ఉంది. ఒంటి మీద నూలుపోగు లేదు. పక్కనే పెట్టె తేలుతోంది. అందులోంచి తీసిన పసివాణ్ణి చేతి మీద ఎత్తి పట్టుకుంది. వెనక ఒడ్డున ముగ్గురు చెలికత్తెలు స్నానపు సామగ్రితో వరసగా నిలుచున్నారు. మోషే దొరికిన ఈ ఘట్టాన్ని తర్వాతి కాలంలో యూరప్ చిత్రకారులు ఎందరో గీశారు. కానీ ఈ బొమ్మ క్రీస్తుశకం మూడో శతాబ్దిది. ఉన్నది యూదుల సమాజమందిరంలో, ధర్మశాస్త్రపు చుట్టలు ఉంచే గూడున్న గోడ మీదే. ప్రార్థనకు వచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు తలెత్తితే చాలు, ఆ నగ్న రాకుమారి కనబడేది. ఆ ధైర్యానికి ముందు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. నీళ్ళలోకి దిగి, బట్టలూ హోదా ఒడ్డునే వదిలి, పరాయి జాతి బిడ్డను ఎత్తుకున్న స్త్రీని ఆ చిత్రకారుడు దాచాల్సిన రూపంగా చూడలేదు.

ఊరి పేరు దురా యూరోపస్. సిరియాలో యూఫ్రటీసు నది పడమటి ఒడ్డున, ఎత్తైన చరియ మీద ఉండేది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకులు కట్టారు, తర్వాత పార్థియన్లు ఏలారు, క్రీ.శ. 165 నుంచి రోమన్ సైన్యం కాపలా ఉంది. పాల్మీరా దేవతలకు గుళ్ళు, సైనికుల దేవుడు మిత్రాకు ఒక గుడి, క్రైస్తవులు కూడుకునే ఒక ఇల్లు, అన్నీ ఆ చిన్న ఊళ్ళోనే. యూదులు కూడా మొదట ఒక మామూలు ఇంటినే మందిరంగా మార్చుకున్నారు. 244-45లో దాన్ని పెంచి కట్టారు. ఆ సంగతి, పని చేయించిన సంఘపెద్ద సమూయేలు పేరు కప్పుకు తాపించిన మట్టి పలకల మీద రాసి ఉంది. కప్పు నిండా పలకలే. వాటి మీద పూలు, పండ్లు, ఆడవాళ్ళ ముఖాలు, దిష్టి తగలకుండా గీసిన కళ్ళు.

256 ప్రాంతంలో పారశీక చక్రవర్తి షాపూర్ సేనలు ఊరిని ముట్టడించాయి. పడమటి ప్రాకారం కూలకుండా రోమన్లు దాని లోపలి వీధినీ, వీధిని ఆనుకున్న ఇళ్ళనూ మట్టి పోసి పూడ్చేశారు. ఆ మట్టిలో మందిరం కూడా పోయింది. అంటే బొమ్మలు గీసిన తర్వాత జనం వాటిని చూసింది పట్టుమని పన్నెండేళ్ళు కూడా కాదు. ఊరు పడిపోయింది, మళ్ళీ ఎవరూ కాపురం పెట్టలేదు. పోసిన మట్టి ప్రాకారం వైపు ఎత్తుగా, ఊరి వైపు వాలుగా ఉండటంతో పడమటి గోడ దాదాపు నిండుగా దక్కింది, ఎదుటి తూర్పు గోడకు అడుగుభాగమే మిగిలింది. 1932 నవంబరులో యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రెంచి శాసన, సాహిత్య అకాడమీ కలిసి చేస్తున్న తవ్వకాల్లో, క్లార్క్ హాప్కిన్స్ ఆధ్వర్యంలో మట్టి తొలిగితే రంగులు బయటపడ్డాయి. అప్పటిదాకా పండితుల్లో చాలామంది యూదులకు చిత్రకళ లేదని నమ్మేవారు. రూపాలు చేసుకోవద్దని పది ఆజ్ఞల్లోనే ఉంది కదా అనేవారు. పాలస్తీనాలో మొజాయిక్ నేలలు కొన్ని బయటపడుతున్నా, ఇలా నేల నుంచి కప్పు దాకా కథలు గీసుకున్న మందిరం ఉంటుందని ఎవరూ ఊహించలేదు. గోడలను కోసి దమస్కస్ జాతీయ మ్యూజియానికి తరలించి, అక్కడ ఆ గదిని మళ్ళీ నిలబెట్టారు. నాకు తెలిసిన రంగులు 1956లో క్రేలింగ్ వెలువరించిన బృహద్గ్రంథంలోవీ, తవ్వకాల చోటే కూర్చొని హెర్బర్ట్ గ్యూట్ ఎత్తి రాసిన నకళ్ళలోవీ. అవే ఇన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు.

ఈ బొమ్మల మీద ఒక మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. బొమ్మలు బిగుసుకుపోయి ఉన్నాయనీ, లోతు లేదనీ, ఒకరినొకరు చూసుకోకుండా అందరూ సూటిగా ముందుకే చూస్తారనీ, ఇది సరిహద్దు ఊరి నాటు పని అనీ. ఈ మాట నాకు మింగుడుపడదు. గూటికి కుడిపక్కనే బైబిలు ప్రవక్త సమూయేలు దావీదును అభిషేకించే ఫలకం ఉంది. ప్రవక్త కొమ్ములోంచి నూనె ఒంపుతున్నాడు. దావీదు ఎరుపు తిరిగిన ఊదారంగు వస్త్రం కప్పుకొని, చేతులు వస్త్రంలో ముడుచుకొని, అన్నల మధ్య నిలబడ్డాడు. ఆ రంగు రోమన్ చక్రవర్తిది. గొర్రెలు కాసే కుర్రవాడికి ఆ రంగు తొడగడంలోనే కథంతా ఉంది. నూనె పోసేవాడు దావీదు వైపు చూడడు. దావీదు అతని వైపు చూడడు. అన్నలు తమ్ముడి వైపు చూడరు. అందరి కళ్ళూ గదిలోకే.

ఆ గది కొలతలు తెలిస్తే ఇది ఎందుకో తడుతుంది. పొడవు సుమారు 14 మీటర్లు, వెడల్పు 8 మీటర్ల లోపు. నాలుగు గోడల చుట్టూ రెండు మెట్ల అరుగు. పొడుగు గోడల వెంట కూర్చుంటే ఎదుటి గోడ పదడుగులు వేస్తే అందేటంత దగ్గర. అరుగుకు పైన చిరుతపులులు, ముసుగు ముఖాలు, చలువరాయిలా గీసిన పట్టీ ఒకటి. ఆ పైన మూడు వరసల్లో కథలు. అంత దగ్గర నుంచి, అంతమంది పెద్దకళ్ళ మనుషులు కూర్చున్నవాడి వైపే చూస్తుంటే చదువుతున్నది పాతకథ అనే భావం నిలవదు. నాటకంలో పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే మనం ప్రేక్షకులం. మన వైపు తిరిగి నిలబడితే మనం సాక్షులం. దురా చిత్రకారుడికి కావలసినది రెండోదే. దీన్ని చేతకానితనం అనడం నాకు ఒప్పుదల కాదు.

ఈ మందిరం చిత్రకారులకు ముఖం తిప్పడం కూడా తెలుసు అనడానికి గూటి పైభాగమే రుజువు. మిగతా కథల కంటే ముందు గీసిన బొమ్మ అది. మధ్యలో నాలుగు స్తంభాల దేవాలయ ముఖద్వారం. ఎడమవైపు ఏడు కొమ్మల దీపస్తంభం, పర్ణశాలల పండుగకు పట్టుకునే ఖర్జూరపు మట్ట, మాదీఫలం. కుడివైపు అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం. అబ్రాహాము మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. చేతిలో కత్తి. బలిపీఠం మీది పిల్లవాడి ముఖం కూడా కనబడదు. పైన చిన్న గుడారం, దాని వాకిట్లో ఒక చిన్న మనిషి, అతనూ అటే తిరిగి ఉన్నాడు. పైనుంచి దేవుడి చెయ్యి దిగుతోంది. కింద చెట్టు పక్కన పొట్టేలు ఊరికే నిలబడి ఉంది.

కొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రి ముఖం ఎలా ఉంటుంది? తర్వాత వచ్చిన మహాచిత్రకారులు ఆ ముఖంలో వేదన, విధేయత, తెగింపు అన్నీ పలికించాలని శ్రమపడ్డారు. ఇక్కడ ఆ వీపే చాలింది. అక్కడ ఉన్నవాళ్ళందరూ పైనున్న ఆ చేతివైపే తిరిగి ఉన్నారు, మన వైపు తిరగడానికి ఎవరికీ తీరిక లేదు. కరుణరసానికి ఇంత తక్కువ సామగ్రితో ఇంత పని చేయించిన బొమ్మ నేను చూడలేదు.

గ్రంథం చదివే గది ఇది, చదివినదానికి అర్థం చెప్పుకునే గది కూడా. గోడల మీద ఉన్నది ఉత్త కథ మాత్రమే కాదని బొమ్మలను కాస్త ఆగి చూస్తే తెలుస్తుంది. మోషే ఫలకాన్ని కుడి నుంచి ఎడమకు, హీబ్రూ చదివినట్టు చదవాలి. కుడి చివర సింహాసనం మీద ఫరో. మగపిల్లలు పుడితే చంపండని ఇద్దరు మంత్రసానులకు చెబుతున్నాడు. ఎడమ చివర పసివాణ్ణి అందుకుంటున్నది అతని తల్లి యోకెబెదు, అక్క మిర్యాము. మంత్రసానులు కట్టుకున్న బట్టలే తల్లీ అక్కా కట్టుకున్నారు. ఆ మంత్రసానులు వేరెవరో కాదు, యోకెబెదు, మిర్యాములే అని యూద వ్యాఖ్యాతలు చెప్పేవారు. తల్మూదులో ఆ మాట ఉంది. బైబిలు పాఠంలో లేని ఆ సంగతిని చిత్రకారుడు ఒక్క అక్షరం రాయకుండా బట్టల రంగుతో చెప్పేశాడు. ఫరో ఎవరిని చంపమన్నాడో వాణ్ణి, ఎవరికి చెప్పాడో వాళ్ళే పెంచారు!

దక్షిణపు గోడ మీద ఇంతకంటే విచిత్రం ఉంది. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు బలిపీఠం చుట్టూ నిలబడి నిప్పు దిగి రావాలని ఎదురు చూస్తున్నారు. పీఠం లోపల, ఒక గూటిలో, చిన్న మనిషి దాక్కొని ఉన్నాడు. అతని మీదికి పెద్ద పాము పాకుతోంది. ఈ మనిషి రాజుల గ్రంథంలో లేడు. లోపలి నుంచి దొంగచాటుగా నిప్పు అంటించడానికి ఒకణ్ణి దాచారనీ, వాణ్ణి పాము కరిచిందనీ మిద్రాషు వ్యాఖ్యానాలు చెప్పే కథ. ఆ కథ మనకు దొరికే పుస్తకాలు ఈ గోడ కంటే చాలా తర్వాతివి. పాఠశాలలో నోటిమాటగా నడుస్తున్నదాన్ని గోడ ముందే పట్టుకుంది. పిల్లలు ఆ పామును వేలు పెట్టి చూపించుకొని ఉంటారని నా నమ్మకం.

గూటికి ఎడమవైపు చివర సారెపతు విధవరాలి ఫలకం. ఎడమన ఆమె నల్లని బట్టలో, రొమ్ము దాకా వివస్త్రగా, చచ్చిన బిడ్డను ఏలీయాకు అందిస్తోంది. మధ్యలో మంచం మీద ఏలీయా బిడ్డను పైకెత్తాడు, పైన దేవుడి చెయ్యి. కుడివైపు అదే తల్లి, వెలుగు రంగుల బట్టల్లో, బతికిన బిడ్డతో. ఆమె ముఖంలో పెద్ద మార్పేమీ లేదు. మార్పంతా బట్టల్లోనే. శోకం నుంచి అద్భుతానికి దాటడానికి చిత్రకారుడు ముఖకవళికల జోలికే పోలేదు, రంగు మార్చి ఊరుకున్నాడు.

ఉత్తరపు గోడ మీద యెహెజ్కేలు చూసిన ఎముకల లోయ పొడవాటి ఫలకం. తలలు, చేతులు, కాళ్ళు నేల మీద విడివిడిగా పడి ఉన్నాయి. కొండ రెండుగా చీలింది. దేవుడి చెయ్యి మళ్ళీ మళ్ళీ దిగుతుంది, ప్రవక్త మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు, మొదట పారశీక వేషంలో, ఆఖరున గ్రీకు వేషంలో. సొంత దేశం పోయిన జాతి ఎక్కడో యూఫ్రటీసు ఒడ్డున కూర్చొని దీన్ని చూసేది. యెహెజ్కేలు కూడా బబులోను చెరలో ఒక నది ఒడ్డున కూర్చున్నవాడే. ఈ ఫలకం అంత పొడవు ఎందుకు పట్టిందో వేరే చెప్పాలా?

వేషాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రవక్తలు ఎక్కువగా గ్రీకు అంగవస్త్రాల్లో, రాజులూ దర్బారువాళ్ళూ పారశీకుల్లాగా అంగరఖా, షరాయిల్లో కనిపిస్తారు. ఫిలిష్తీయుల దాగోను గుడిలో ముక్కలై పడిన విగ్రహం కూడా దురా గుళ్ళలో పూజలందుకున్న దేవుళ్ళ పోలికలోనే ఉంది. పక్కవీధి దేవుణ్ణే పడగొట్టారన్నమాట. ఇరుగుపొరుగు నుంచి బట్టలు, సింహాసనాలు, గుర్రాలు అన్నీ తీసుకున్నారు, దేవుణ్ణి మాత్రం తీసుకోలేదు. ఈ పని సగర్వంగా, దాపరికం లేకుండా చేశారు.

ఎస్తేరు ఫలకంలో ఇది పతాకస్థాయికి చేరింది. గూటికి ఎడమపక్కన, కంటికి సూటిగా. యూదుడు మొర్దెకై రాజవస్త్రాలతో తెల్లగుర్రం మీద ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. కళ్ళెం పట్టి నడిపిస్తున్నది అతన్ని చంపించాలనుకున్న హామాను. నిన్నటి మహామంత్రికి చిత్రకారుడు గుర్రపుశాల పనివాడి పొట్టి అంగీ తొడిగాడు. మధ్యలో జయజయధ్వానాలు చేసే నలుగురు. కుడివైపు సింహాసనం మీద పారశీక రాజు అహష్వేరోషు, వెనక రాణి ఎస్తేరు. గుర్రం, స్వారీచేసే మనిషి పారశీక దర్బారు చిత్రాల్లోని రాజుల ఠీవితో ఉన్నారు. దర్పమంతా గుర్రం మీద, హాస్యమంతా గుర్రం ముందు.

ఈ గోడలన్నిటికీ కలిపి ఒకే సూత్రం ఏదో ఉండాలని పండితులు దాదాపు తొంభై ఏళ్ళుగా వెతుకుతున్నారు. మెస్సీయ రాకడ అన్నారు, నిబంధన మందసం అన్నారు, గూఢభక్తి అన్నారు. ఏ సూత్రానికీ అన్ని ఫలకాలూ లొంగలేదు. లొంగాలని నాకు లేదు కూడా. చదువుకునే గదిలో ఒకరోజు ఒక అధ్యాయం, మరోరోజు మరొకటి. గోడ కూడా అలాగే ఉంది.

ఈ గోడకు తొలి విమర్శకులు ఎవరో మనకు తెలుసు. ఎస్తేరు ఫలకం మీద, ఏలీయా ఫలకం మీద, సిరాతో పారశీక లిపిలో చిన్న చిన్న రాతలు ఉన్నాయి. రాసినవాళ్ళు లేఖకులు. వచ్చి ఈ బొమ్మను చూశామనీ, బాగుందనీ రాశారు. కొన్నింటికి తేదీలున్నాయి, అవి 253 నాటివి, ముట్టడికి మూడేళ్ళ ముందు. వాళ్ళు యూదులా, పారశీకులా అని ఇప్పటికీ వాదం నడుస్తోంది. ఎవరైనా సరే, తమ దేశపు దర్బారును, తమ దేశపు బట్టలను, ఒక చిన్న సమాజమందిరపు గోడ మీద చూసి మెచ్చినవాళ్ళు. ఖాళీ చోటు వెతుక్కోకుండా బొమ్మల మీదే రాయడం ఇప్పటి మ్యూజియంవాళ్ళకు ఒళ్ళు మండించే పనే. నాకు మాత్రం అది బొమ్మకు ఎంత దగ్గరగా వచ్చి చూశారో చెబుతుంది. దర్బారులో కలం పట్టి బతికే మనుషులు, పదవుల ఎగుడుదిగుళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళు ఎక్కువసేపు నిలబడింది హామాను చేతిలోని కళ్ళెం ముందేనని పందెం కాస్తాను.